తీసుకుంటే తప్పా? మానుకుంటే ముప్పా?

ఇంటి ముచ్చట - గూడూరు నుంచి

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కింటి వదినె చాటలో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, వెల్లుల్లి పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళ మిక్సీ పాడయిందట. చాటలో సరుకు చూడగానే అది బాలింత కారానికని అర్థమైపోయింది. వాళ్ళ అమ్మాయికి అమెరికాలో ఏడో నెల. వచ్చే నెల వదినె ప్రయాణం.

“ఇంకా టైముంది గదా వదినె, అప్పుడే దంచుడెందుకు?” అన్నాను.

“దంచుడు కాదు వదినె, నీతోటి ఓ మాటడుగుదామని వచ్చిన” అంటూ పీట మీద కూలబడింది. ముఖం చూస్తే రాత్రి నిద్ర లేనట్టుంది.

సంగతేమిటంటే, అల్లుడు పనిచేసే పెద్ద కంపెనీ మనుషులను తీసేసినప్పుడు అతని ఉద్యోగమూ పోయింది. పరుగులు పెట్టి గడువులోగా ఇంకో చిన్న కంపెనీలో చేరాడు. వీసా నిలబడింది. కానీ ఆ కంపెనీలో భార్యకు కూడా ఆరోగ్య బీమా కావాలంటే నెలనెలా కోత చాలా ఎక్కువ. అమ్మాయి చెకప్‌కు వెళితే అక్కడి క్లినిక్‌లో ఒకావిడ, “మీ ఆదాయానికి ప్రభుత్వ సాయం రావచ్చు, అప్లికేషన్ పెట్టి చూడండి” అని కాగితాలు చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి స్నేహితులను అడిగితే వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకటే మాట. “పెట్టావంటే అంతే. గ్రీన్ కార్డు మర్చిపో!”

అంతే. అమ్మాయి ఆ కాగితాలు చింపేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. బిల్లు ఎక్కువొస్తుందని తర్వాతి చెకప్ కూడా మానేసింది.

“సర్కారు దవాఖాన మందు మింగితే కార్డు రాదంటనా వదినె? గదేం నాయం? ఈడ నేను కన్నప్పుడు సర్కారు దవాఖాననే గద! ఎవ్వలేమన్నరు?” అంది వదినె. కళ్ళల్లో నీళ్ళు.

ఆమె అడిగిన ప్రశ్న ఇవాళ మన జిల్లాలో చాలా ఇళ్ళల్లో ఉంది. మానుకోట, నర్సంపేట, వరంగల్ వైపు నుంచి పిల్లలు చదువుకని, ఉద్యోగమని వెళ్ళిన ఇళ్ళు ఎన్నో. అందుకే ఈ వారం వంటింటి ముచ్చట పక్కనపెట్టి ఈ సంగతే చెప్పుకుందాం. అక్కడ వలస కేసులు చూసే వకీలు దగ్గర పనిచేసే మా మేనకోడలిని అడిగి, నేనూ చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మన దగ్గర సంగతి వేరు

ముందుగా ఒక మాట. మనకు ఈ భయం ఎందుకు వింతగా ఉంటుందో తెలుసా? మన దగ్గర సర్కారు సాయం తీసుకోవడం మనిషికి తక్కువతనం కాదు. పైగా అదే ఒక గుర్తింపు. రేషన్ కార్డులో పేరుంటే ఈ ఊళ్ళో మనిషినని కాగితం ఉన్నట్టే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2014లో ఆసరా పింఛను, కల్యాణలక్ష్మి వచ్చాయి. 2017లో కేసీఆర్ కిట్ వచ్చినప్పుడు సర్కారు దవాఖానలో ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లవాడు పుడితే 12 వేలు ఇస్తామన్నారు. వీటికోసం మనం లైన్లో నిలబడ్డాం, పేరు రాకపోతే పోట్లాడాం. మన భయమల్లా ఎక్కడ పేరు కొట్టేస్తారోనని.

అక్కడ మాత్రం తలకిందులు. పేరు ఎక్కితే ఏమవుతుందోనని భయం. ఎందుకంటే అక్కడ మన పిల్లలు ఇంకా ఇంటివాళ్ళు కాలేదు. గుమ్మం బయట నిలబడి లోపలికి రానిస్తారా అని ఎదురుచూస్తున్నవాళ్ళు.

పరాయి చోటికి వెళ్ళినవాళ్ళందరికీ ఉండే బెరుకే ఇది. మన పక్కనే చూడండి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలప్పుడు ఊళ్ళొదిలి భూపాలపల్లి, ములుగు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల గూడేల్లో అడగండి. కొత్త చోట కాగితం లేని మనిషికి ఆఫీసు మెట్లెక్కాలంటేనే గుండె దడ. ఆ దడకు అమెరికాలో ఒక చట్టం పేరు కూడా ఉంది.

ఇంతకీ ఆ చట్టమేమిటి?

దాన్ని ‘పబ్లిక్ చార్జ్’ అంటారు. మన మాటల్లో ‘సర్కారు మీద భారం’ అనుకోండి. మా దేశంలో ఉండనిస్తే ఈ మనిషి ముందు ముందు ప్రభుత్వం పెట్టే తిండి మీదే ఆధారపడి బతుకుతాడా అని అధికారి వేసే అంచనా అది. అలా అవుతాడని తేల్చితే గ్రీన్ కార్డు, వలస వీసా ఇవ్వకుండా ఆపవచ్చు.

ఇది నిన్న మొన్నటిది కాదు. 1882లో చేసిన వలస చట్టంలోనే ఈ మాట ఉంది. ఓడ దిగిన ప్రతి మనిషికీ 50 సెంట్లు పన్ను వేసి, తన్ను తాను పోషించుకోలేడనుకున్నవాడిని దిగనివ్వవద్దన్నారు. చదువుతుంటే నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో ఈ నిబంధన ఎక్కువగా ఎవరి మీద పడిందనుకున్నారు? మగతోడు లేకుండా వచ్చిన ఆడవాళ్ళ మీద, పెళ్ళికాకుండా కడుపుతో ఉన్నవాళ్ళ మీద. 1910 ప్రాంతంలో పడమటి తీరంలో దిగిన మన దేశపు కూలీలను, ముఖ్యంగా పంజాబు రైతులను, వెనక్కి పంపడానికి కూడా ఇదే మాట వాడుకున్నారు. ఒంట్లో బలమున్న మగవాళ్ళను పట్టుకుని “మీరు భారమవుతారు” అన్నారు!

అంటే ఈ మాటకు కొలత లేదు. కొలిచేవాడి చేతిలో ఉంది. అందుకే ప్రభుత్వం మారినప్పుడల్లా దీని అర్థం కొంచెం కొంచెం మారుతూ వచ్చింది. ఆ మార్పులు తెలియకనే వాట్సాప్‌లో పాత మాట, కొత్త మాట కలిసి కిచిడీ అయిపోతోంది. వరసగా చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

1999లో ఒక స్పష్టత ఇచ్చారు. బతకడానికి నెలనెలా ప్రభుత్వం ఇచ్చే నగదు మీదే ప్రధానంగా ఆధారపడినవాళ్ళు, ప్రభుత్వ ఖర్చుతో వృద్ధాశ్రమం లాంటి చోట దీర్ఘకాలం ఉన్నవాళ్ళు - వీళ్ళే ఆ లెక్కలోకి వస్తారన్నారు. తిండి సాయం, మామూలు వైద్యం లెక్క కాదన్నారు.

2019లో ట్రంప్ ప్రభుత్వం దీన్ని బాగా బిగించింది. తిండి సామాన్లకు ఇచ్చే స్నాప్, పేదల వైద్య పథకం మెడికెయిడ్, ఇంటి అద్దె సాయం కూడా లెక్కలో వేసింది. 36 నెలల్లో మొత్తం 12 నెలలకు మించి తీసుకుంటే భారమే అంది. 2020 ఫిబ్రవరి 24 నుంచి అమలు చేసింది. కోర్టుల్లో నలిగి నలిగి 2021 మార్చిలో ఆ నియమం పోయింది. మన పిల్లల గుండెల్లో మాత్రం అది ఇంకా పోలేదు. ఇప్పటికీ అందరూ చెప్పుకునేది ఆ నియమమే.

2022లో బైడెన్ ప్రభుత్వం మళ్ళీ దాదాపు 1999 నాటి లెక్కకే వచ్చి, దాన్ని పక్కా నియమంగా రాసింది. 2022 డిసెంబరు 23 నుంచి అది అమల్లోకి వచ్చింది.

2025 నవంబరులో మళ్ళీ వచ్చిన ట్రంప్ ప్రభుత్వం, ఆ 2022 నియమాన్ని తీసేసి, ఏది లెక్కో ఏది కాదో అధికారుల విచక్షణకు ఎక్కువగా వదిలేద్దామని ప్రతిపాదన పెట్టింది. అంటే మాట మళ్ళీ మారే దారిలో ఉంది. కాబట్టి ఎవరైనా సరే, అప్లికేషన్ పెట్టే రోజున ఏ నియమం ఉందో యూఎస్‌సీఐఎస్ వారి వెబ్‌సైటులో చూసుకోవాలి. పోయిన ఏడాది పక్కింటివాళ్ళకు ఏం జరిగిందన్నది మనకు పనికిరాదు.

మరి మా వదినె బిడ్డ సంగతి?

ఇక్కడ బాగా గుర్తుంచుకోవలసిన సంగతి చెబుతాను. అన్నిటికన్నా కఠినమైనదని చెప్పుకునే ఆ 2019 నియమంలో కూడా, కడుపుతో ఉన్నంతకాలం, కాన్పయిన 60 రోజుల దాకా తీసుకున్న మెడికెయిడ్‌ను లెక్కలో వేయలేదు! ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసిన అత్యవసర వైద్యాన్నీ వేయలేదు. ఇక గర్భిణులకు, బాలింతలకు, అయిదేళ్ళలోపు పిల్లలకు పాలు, గుడ్లు, పండ్లు ఇచ్చే ‘విక్’ పథకం 1999లో గానీ, 2019లో గానీ, 2022లో గానీ లెక్కలోకి రాలేదు. మన అంగన్‌వాడీ పాలు, గుడ్లు లాంటిదనుకోండి అది.

ఇంకోటి. అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే ఆ దేశ పౌరుడయితే, ఆ బిడ్డ పేరున వచ్చిన వైద్యమో, తిండో 2019లోనూ 2022లోనూ తల్లిదండ్రుల ఖాతాలో రాయలేదు.

ఇది చెప్పేసరికి వదినె నోరు తెరిచింది. “మరి గాళ్ళందరు గట్ల ఎందుకు జెప్పిండ్రు?”

భయం అలాంటిదే. అమెరికాలో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2018 డిసెంబరులో సర్వే చేసింది. అప్పటికి ఆ కఠిన నియమం అమల్లోకే రాలేదు. వస్తుందని చెప్పుకుంటున్నారంతే. అయినా వలస కుటుంబాల్లోని పెద్దవాళ్ళలో ప్రతి ఏడుగురిలో ఒకరు, ‘కార్డు రాదేమోనని మేమో, మా ఇంట్లోవాళ్ళో సర్కారు సాయం మానుకున్నాం’ అన్నారు. వాళ్ళలో ఆ నియమం అసలు వర్తించనివాళ్ళూ ఉన్నారు. చట్టం చేయని నష్టం పుకారు చేసింది. ఏడో నెలలో చెకప్ మానుకుంటే ఆ నష్టం ఎవరికి? బి.పి. పెరిగిందో, చక్కెర వచ్చిందో చూసేదెవరు? ఆ నష్టం ఏ కార్డూ పూడ్చదు.

అలాగని “ఏం కాదు, అన్నీ తీసుకోండి” అని నేను చెప్పడంలేదు. అదీ తప్పే. నిజంగా ముప్పు ఉన్న చోట్లు ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ వాట్సాప్‌లో చెప్పరు!

అసలు ముప్పు ఎక్కడ?

మొదటిది నగదు. బతుకుతెరువు కోసం నెలనెలా ప్రభుత్వం ఇచ్చే డబ్బు - ముసలివాళ్ళకు, వికలాంగులకు ఇచ్చే ఎస్సెస్సై, పేద కుటుంబాలకు ఇచ్చే టానిఫ్, రాష్ట్రాలు ఇచ్చే అలాంటి నగదు సాయం - ఇది 1999 నుంచీ లెక్కలో ఉన్నదే. గ్రీన్ కార్డు కోసం చూస్తున్నవాళ్ళు దీన్ని ముట్టుకునే ముందు వకీలును తప్పకుండా అడగాలి. అయితే ఉద్యోగం పోయినప్పుడు వచ్చే నిరుద్యోగ భృతి ఇందులోకి రాదు. అది పనిచేసిన మనిషికి, ఆ పని మీద యజమాని కట్టిన పన్నులోంచి వచ్చేది. ఆ రెండింటినీ కలిపి భయపడనక్కరలేదు.

రెండోది అబద్ధం. అన్నిటికంటే ప్రమాదకరం ఇదే. సాయం కోసం నింపే కాగితంలో ‘మీరు అమెరికా పౌరులా?’ అని ఒక గడి ఉంటుంది. తొందరలోనో, పక్కవాళ్ళు చెప్పారనో అందులో ‘అవును’ అని టిక్కు పెట్టారా, అక్కడితో కథ ముగిసినట్టే. 1996 చట్టం ప్రకారం పౌరుడినని అబద్ధం చెప్పి లాభం పొందడం జీవితాంతం అడ్డుపడే తప్పు. అలాగే చూడటానికి వెళ్ళిన అత్తగారు, ‘మేమిక్కడే ఉంటాం’ అని రాసి వైద్య సాయం తీసుకోవడం, భర్త జీతం దాచి తక్కువ చూపించడం - ఇవి భారం లెక్క కాదు, మోసం లెక్క. సాయం క్షమించినా అబద్ధాన్ని అక్కడ క్షమించరు.

మూడోది కాగితాలు లేకపోవడం. మన దేశంవాళ్ళకు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు వరస ఏళ్ళకేళ్ళు సాగుతుంది. ఆ రోజు నింపే అప్లికేషన్‌లో, మీరు ఎప్పుడైనా ప్రభుత్వ నగదు సాయం తీసుకున్నారా అని అడుగుతారు. పదేళ్ళ కిందట క్లినిక్‌లో సంతకం పెట్టింది ఏ పథకమో అప్పుడెవరికి గుర్తుంటుంది? పథకం పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరి పేరున - ఈ మూడూ రాసి, ఉత్తరాలన్నీ ఒక ఫైలులో పెట్టుకోవాలి. మనం గ్యాసు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం దాచుకోమూ, అలాగన్నమాట.

ఇంకొక సంగతి. అధికారి ఒక్క సాయాన్నే చూడడు. వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తిపాస్తులు, చదువు, పనితనం - అన్నీ కలిపి చూడాలన్నది 1996 నుంచి చట్టంలో ఉన్న మాట. చదువుకుని ఉద్యోగం చేస్తున్న జంటకు, కాన్పుకు తీసుకున్న సాయం ఒక్కటే కొండంత అడ్డు కాదు.

అత్తలూ అమ్మలూ, ఇది మీకోసం

ఇదంతా పిల్లల సంగతి. ఇప్పుడు మన వయసువాళ్ళ సంగతి చెప్పుకుందాం. కొడుకో కూతురో పౌరసత్వం వచ్చాక, “అమ్మా, మీరిద్దరూ ఇక్కడికే వచ్చేయండి” అంటారు. గ్రీన్ కార్డుకు పెడతారు. అప్పుడు వాళ్ళొక హామీ పత్రం మీద సంతకం పెడతారు. దాని నంబరు ఐ-864. మామూలుగా, పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపించి, “మా అమ్మానాన్నలను నేనే చూసుకుంటాను, సర్కారు మీద పడనివ్వను” అని రాసివ్వడమన్నమాట.

దీన్ని ఉత్త సంతకం అనుకోవద్దు. ఆ తల్లిదండ్రులు పౌరులయ్యేదాకానో, అక్కడ దాదాపు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో, ఆ దేశం పూర్తిగా వదిలేసేదాకానో, కన్నుమూసేదాకానో ఆ బాధ్యత వదలదు. ఈలోగా తల్లి కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకుంటే, ఆ డబ్బు కొడుకు దగ్గర వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంది.

పైగా 1996 ఆగస్టులో వచ్చిన చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చినా చాలామందికి మొదటి అయిదేళ్ళు మెడికెయిడ్ లాంటి కేంద్ర సాయం దొరకదు. 65 ఏళ్ళు దాటినవాళ్ళ మెడికేర్ ఉచితంగా రావాలంటే మనమో మన భర్తో అక్కడ పదేళ్ళు పనిచేసి పన్ను కట్టి ఉండాలి. లేదంటే గ్రీన్ కార్డు మీద అయిదేళ్ళు వరసగా ఉన్నాక నెలనెలా డబ్బు కట్టి కొనుక్కోవాలి. కాబట్టి విమానం ఎక్కే ముందే పిల్లలను నిస్సంకోచంగా అడగండి. “మాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, మీ నాయనకు షుగరుంది. అయిదేళ్ళు బీమా ఎట్లా?” అని. అక్కడికెళ్ళాక కోడలి ముందు ఈ మాట తేవడంకన్నా ఇక్కడ ఉండగానే తేవడం మంచిది. అవునంటారా, కాదంటారా?

ఇంకో చిక్కుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన గ్రీన్ కార్డు వచ్చాక కూడా పత్తి ఏరే వేళకు వచ్చి, కౌళ్ళు తేల్చుకుని, ఎనిమిది నెలలు ఇక్కడే ఉండిపోతుంటాడు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను మామూలుగా ఈ ‘భారం’ పరీక్ష మళ్ళీ అడగరు. కార్డు రెన్యువల్‌కు అడగరు. పౌరసత్వానికి పెట్టినప్పుడూ ఆ పరీక్ష లేదు. కానీ 180 రోజులకు మించి బయట ఉండి తిరిగి వెళితే, కొత్తగా వచ్చినవాళ్ళలాగా చూసి అడగవచ్చు. ఏడాది దాటితే కార్డుకే మోసం. ఆరు నెలల లెక్క గోడ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. పొలం పని ఎటూ తెమలదు!

మా వదినెలాగా సందర్శకుల వీసా మీద వెళ్ళేవాళ్ళు ఇక్కడి నుంచే ప్రయాణ బీమా తీసుకోవాలి. పాత జబ్బులకు చాలా పాలసీలు ఇవ్వవు, అది చదివి తీసుకోండి. అక్కడ ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రి డబ్బు, వీసా చూడకుండా పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచి చట్టం ఉంది. కాబట్టి గుండెల్లో నొప్పి వస్తే కొడుకు అప్పులపాలవుతాడని ఓర్చుకుని పడుకోవద్దు. అయితే బిల్లు మాత్రం వస్తుంది. ఆస్పత్రివాళ్ళతో మాట్లాడి తగ్గించుకోవడం, వాయిదాల్లో కట్టడం అక్కడ మామూలే. కట్టిన రసీదులు పారేయకండి. మళ్ళీ వీసాకు వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటాయి.

గుర్తుంచుకోవలసినవి

1. సర్కారు సాయమంతా ఒకటి కాదు. నగదు వేరు, వైద్యం వేరు, తిండి వేరు. పథకం పేరు కచ్చితంగా తెలుసుకోండి.

2. ఎవరి పేరున వస్తోందో చూడండి. బిడ్డ పేరా, తల్లి పేరా అన్నది ముఖ్యం.

3. పౌరులా అన్న గడి దగ్గర కళ్ళు పెద్దవి చేసి చదవండి. అర్థం కాకపోతే సంతకం పెట్టవద్దు.

4. ప్రతి ఉత్తరం, ప్రతి రసీదు ఫైలులో.

5. నియమం మారుతూ ఉంటుంది. అప్లికేషన్‌కు ముందు లైసెన్సు ఉన్న వలస వకీలును ఒక్కసారి అడగండి. తక్కువ ఫీజుకో, ఉచితంగానో చెప్పే సేవా సంస్థలు అక్కడ చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. వాట్సాప్ వకీళ్ళకు లైసెన్సు లేదు.

6. కడుపుతో ఉన్న పిల్ల చెకప్ మానకూడదు. దీనికి మాత్రం ఏ వకీలునూ అడగనక్కరలేదు.

ఇవన్నీ ఒక క్యాలెండర్ కాగితం వెనక రాసి వదినె చేతికిచ్చాను. ఆ రాత్రే వీడియో కాల్లో బిడ్డకు ఒక్కొక్కటీ చదివి వినిపించిందట. మొదట అల్లుడు ఒప్పుకోలేదు. “అత్తమ్మా, మీకు తెలవదు, ఇక్కడ రూల్స్ వేరే” అన్నాడట. “నాకు తెలవదు బిడ్డా, గందుకే తెల్సినోళ్ళను అడుగుమంటున్న. నీ దోస్తులకు గూడ తెలవది!” అందట మా వదినె. అతనూ చెడ్డవాడు కాదు పాపం. ఎన్నేళ్ళుగానో వరసలో నిలబడ్డ మనిషి. ఎక్కడ చిన్న తప్పు జరిగి వరస తప్పిపోతుందోనని వణుకు. ఆ వణుకును మనం ఎగతాళి చేయకూడదు.

మర్నాడు అతనే ఒక సేవా సంస్థ వకీలుకు ఫోన్ చేశాడట. ఆమె మా కాగితంలో ఉన్నదాన్నే ఇంకా వివరంగా చెప్పి, వాళ్ళ రాష్ట్రంలో ఏది దొరుకుతుందో ఏది దొరకదో విడమరిచిందట. అమ్మాయి గురువారం చెకప్‌కు వెళ్ళింది. రక్తం తక్కువగా ఉందన్నారు. మాత్రలిచ్చారు. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో! అప్లికేషన్ పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అది వాళ్ళిద్దరి ఇష్టం. తెలిసి పెట్టుకున్నా మంచిదే, తెలిసి మానుకున్నా మంచిదే. తెలియక భయపడటమే కూడదు.

శనివారం వదినె మళ్ళీ వచ్చింది. ఈసారి చాటతో కాదు, డబ్బాతో. “రక్తం తక్కువున్నదట గద, నువ్వుల ఉండలు గూడ కడుదాం వదినె. బెల్లం నేను తెచ్చిన” అంది. వచ్చే వారం ఆ నువ్వుల ఉండలు పాకం గట్టిపడకుండా ఎలా కట్టాలో చెబుతాను. ఈలోగా మీ పిల్లలు విదేశాల్లో ఉంటే ఈ పేజీ చించి దాచిపెట్టండి. ఫోన్లో “బాగున్నరా, తిన్నరా” తర్వాత “డాక్టరు దగ్గరికి పోయినవా బిడ్డా?” అని కూడా ఒక మాట అడగండి.

ఉంటాను మరి!